గడియ లోపలి వైపు

మంచాలు తొమ్మిది.
ఈ రాత్రి మనుషులు పదకొండు,
పిల్లల్ని లెక్కేయకుండా.

వేదాయపాళెం అవతల. వీధి పేరు చెప్పను.
గేటుకి కుట్టుమిషను బొమ్మున్న బోర్డు.
జాకెట్టు గుడ్డ పట్టుకుని అప్పుడప్పుడూ ఎవరో వచ్చి
ఇక్కడ కుట్టరని తెలిసి
తిట్టుకుంటా పోతారు.
పోనీ.

ఒంటిగంట ఇరవైకి గూడూరు నుంచి ఫోను.
ప్లాట్‌ఫాం చివర నీళ్ల ట్యాంకు చాటున
ఒక పిల్ల కూర్చోనుందంట.
రెండు రైళ్లు పోయినా ఎక్కలేదంట,
కాళ్లకి చెరో రకం చెప్పంట.
చేసింది ప్లాట్‌ఫాం ఊడ్చే చెంగమ్మ.
"ఖాకీ గుడ్డలు చూస్తే పారిపోయేట్టుంది,
ఆటో పంపించు మే, నేనూ ఎక్కి వస్తా."

పెంచలయ్య హారన్ కొట్టడు.
మలుపులోనే ఇంజనూ లైటూ ఆర్పి
గేటు దాకా తోసుకొస్తాడు,
నిద్రపోయే బిడ్డని భుజం మార్చినట్టు.
చెంగమ్మ చీపురుతో సహా దిగింది.
మనుబోలు దగ్గర టీ ఇప్పించారంట.
పిల్ల గ్లాసు అందుకుని, వాసన చూసి, పారబోసిందంట.
చెంగమ్మ తన టీ సగం తాగి
మిగిలింది ఇచ్చిందంట.
అప్పుడు తాగిందంట.

రిజిస్టరులో మొదటి గడి పేరు.
ఒకటి చెప్పింది.
కాసేపటికి ఇంకోటి.
మూడోది చెప్పబోయి ఆగి
"మీకే పేరు కావాలక్కా?" అంది.
గడి ఖాళీగా వదిలేశాను.
రేపు మేడం అరుస్తుంది. అరవనీ.

మస్తానమ్మ లేచి చారు వెచ్చబెట్టింది.
ఏం జరిగింది అని మా ఇంట్లో అడగరు.
కారం ఎక్కువైందా అని అడుగుతారు.

నిన్న మధ్యాహ్నం సంగతి:
అల్లూరు రొయ్యల గుంటల కాపలా మనిషి
ఇద్దరు పెద్దమనుషుల్నేసుకుని వచ్చాడు,
ఎట్టా వాసన పట్టాడో.
"మా ఆడమనిషి ఈడుందా?"
ఇక్కడ జాకెట్లు కుడతామన్నాను.
అబద్ధం నేను ఈ ఉద్యోగంలోనే నేర్చుకున్నా.
చేతిలో బిస్కెట్ పొట్లం, పిల్లోడికంట.
గేటు ఊచలు పట్టుకుని ఏడ్చాడు.
దొంగేడుపు కాదు, అది నాకు తెలుసు.
లోపల ఆమె పక్కటెముకలకి కట్టుంది, అదీ తెలుసు.
గేటు తీయలేదు.
పొట్లం గోడ మీద పెట్టి పోయాడు.
పొద్దుగూకే దాకా చీమలు.

కొత్త పిల్లకి చివరి గది చూపించాను.
గదేం కాదు, సామాన్ల కొట్టు.
బియ్యం బస్తాలు పక్కకి జరిపి చాప పరిచాం.
ఆమె చాప చూళ్లేదు, తలుపు చూసింది.
బయటివైపు చేత్తో తడిమింది,
గడియ ఎక్కడుందా అని.
"లోపలుంది," అన్నాను.
"వేసుకునేదీ తీసేదీ నువ్వే. మేం తడతాం అంతే."

నమ్మలేదు.
వేసింది. తీసింది.
వేసింది.
టక్కు.
టక్కు.
గంట సేపు అదే.
మూడో గదిలో పసిబిడ్డ లేచింది.
అల్లూరామె విసుక్కుంది, "ఏందమ్మే ఆ చప్పుడు!"
మళ్లీ తనే, కాస్త ఆగి,
"కానీలే, వచ్చిన రాత్రి నేనూ ఇంతే గదా."

మా జేజి కాలాన్ని గడియల్లో చెప్పేది,
గోడ మీద గడియారం ఉన్నా సరే.
ఈ రాత్రి ఎన్ని గడియలో
రిజిస్టరు మీద తల పెట్టుకుని
నేనూ వింటా లెక్కపెట్టా.
నూటముప్పై దాటాక తప్పిపోయింది.

నాలుగున్నరకి చప్పుడాగింది.
గుండె జారి పరిగెత్తాను.

తలుపు బార్లా తీసుంది.
గడప మీదే నిద్రపోయింది పిల్ల,
తల లోపల, కాళ్లు బయట.
చెరో రకం చెప్పులు
జతలాగా పక్కన పెట్టుకుని.

మళ్లీ ఫోను. ఈసారి కావలి.
మంచాలు తొమ్మిదే.
ఏం చెప్పాలా అని చూస్తే,
మస్తానమ్మ నా వంకైనా చూడకుండా
ఎసట్లో ఇంకో సోలెడు బియ్యం పోసింది.